చీరాల–పేరాల: అడుగకుండ వచ్చిన స్వపరిపాలనము

మా కేంద్రమునకు వచ్చు జాబులలో పాటలు కోరునవి కొన్ని, ఫిర్యాదులు కొన్ని. కుళాయిలో నీరు వచ్చుట లేదనియు, వీధిదీపము నెల దినములుగా ఆరియున్నదనియు, మురుగుకాలువ గుమ్మము ముందే పొంగుచున్నదనియు శ్రోతలు వ్రాయుదురు. రేడియోవారు దీపము వెలిగింపలేరని వారికిని తెలియును. అయినను వ్రాయుదురు. ఆ జాబులలో మమ్ము ఆలోచింపజేయునది ఫిర్యాదు కన్న చిరునామా. మంత్రిగారికి ఒక నకలు, కలెక్టరుగారికి ఒక నకలు, మాకు ఒక నకలు. ఆ వీధివారే ఓటు వేసి ఎన్నుకొన్న వార్డు సభ్యునికి నకలు పంపినట్లు వ్రాసినవారు మిక్కిలి అరుదు. తమ వీధి సంగతి తమ వీధిలోనే తేలునను ఆశ ఎవరికిని ఉన్నట్లు తోచదు.

ఎల్లప్పుడును ఇట్లే ఉండెనని చెప్పుటకు వీలులేదు. తెలుగునాట ఒక ఊరు, తన వీధుల సంగతి తనను అడుగకుండ నిర్ణయించిరను కోపముతో, ఇండ్లకు తాళములు వైచి పదునొకండు నెలలు పాకలలో కాపురముండెను. చీరాల–పేరాల కథను సహాయ నిరాకరణోద్యమములో ఒక ఘట్టముగా అందరును చదివియే యుందురు. గాంధీజీ, దుగ్గిరాల, రామదండు అను మూడు పేర్లతో అది పాఠ్యపుస్తకములలో ముగియును. మేము దానిని వేరొక ప్రక్కనుండి చూడదలచితిమి. ఆ ఊరివారు ఎదిరించినది పోలీసు ఠాణాను కాదు, ఉప్పుపన్నును కాదు. వారు ఎదిరించినది మున్సిపాలిటీని. అనగా స్థానిక స్వపరిపాలనము అను పేరు గల సంస్థనే. ఇది వింతగా లేదా?

మద్రాసు నుండి కలకత్తాకు పోవు రైలుమార్గముపై, ఒంగోలునకును బాపట్లకును నడుమ, సముద్రమునకు కొలది మైళ్ళ దూరమున ఇసుకనేలపై వెలసిన ఊరు చీరాల. పేరాల దానిని అంటియున్నది. జాండ్రపేట, వీరరాఘవపేట వానికి పొరుగున నున్నవి. జాండ్రలనగా నేతవారు, పేటకు ఆ పేరు వచ్చుటలోనే అచ్చటి బ్రదుకుతెరువు తెలియుచున్నది. ఆనాడు ఈ ఊళ్ళు గుంటూరు జిల్లాలోనివి. 1970 లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడగా అందు చేరెను. ఆ జిల్లాకే పిమ్మట ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. 2022 నుండి చీరాల బాపట్ల జిల్లాలోనిది.

ఈ నాలుగు ఊళ్ళను కలిపి చీరాల యూనియన్ అని వ్యవహరించుచుండిరి. యూనియన్ అను మాట నేటివారికి క్రొత్త కావచ్చును. 1884 నాటి మద్రాసు స్థానిక సంఘముల చట్టము జిల్లాకు జిల్లా బోర్డును, దాని క్రింద తాలూకా బోర్డును, పెద్ద గ్రామములకు యూనియన్ పంచాయతీని ఏర్పరచెను. వీధులు ఊడ్పించుట, కొన్ని దీపములు పెట్టించుట, బావులు బాగుచేయించుట, అందులకై ఇంటిపన్ను వసూలు చేయుట దాని పనులు. అది గొప్ప సంస్థ ఏమియు కాదు. కాని దాని ఖర్చు ఊరు మోయగలిగినంతయే. చీరాల యూనియన్‌లో పన్నుల రాబడి సాలునకు 4,000 రూపాయల ప్రాంతమున ఉండెను.

ఆ చట్టమునకు వెనుక 1882 మే నెలలో రిప్పన్ ప్రభువు వెలువరించిన తీర్మానము కలదు. స్థానిక సంస్థలను పెట్టుట పరిపాలన చక్కబడుటకే కాదనియు, ప్రజలకు రాజకీయ విద్య అలవడుటయే దాని ముఖ్యప్రయోజనమనియు, మొదట తప్పులు జరిగినను ఓర్చుకొనవలెననియు దాని సారాంశము. మంచి మాటయే. కాని మాట సిమ్లా నుండి జిల్లా కచ్చేరీకి దిగివచ్చునప్పటికి కలెక్టరుగారే జిల్లా బోర్డు అధ్యక్షులైరి. బడికి పోయిన విద్యార్థికి బదులు గురువుగారే పరీక్ష వ్రాసినట్లు చాల ఏండ్లు గడచెను.

1919 లో మద్రాసు ప్రభుత్వము చీరాల, పేరాలలను కలిపి మున్సిపాలిటీగా చేసెను. ఊరు పెరిగినది, జనము ఒత్తుగా ఉన్నారు, కనుక పట్టణమునకు తగిన ఏర్పాటు ఉండవలెనని దాని తర్కము. ఆ తర్కమును పూర్తిగా త్రోసివేయుటకు మేము సాహసింపము. కలరా, మశూచికము ఆనాడు ఏటేట వచ్చు చుట్టములు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా గుర్తు ఇంకను మాయలేదు. పారిశుధ్యమునకు డబ్బు కావలెను, డబ్బునకు పన్ను కావలెను. కచ్చేరీలో కూర్చున్నవానికి ఇంతకన్న స్పష్టమైన సంగతి ఉండదు.

ఊరిలో కూర్చున్నవానికి లెక్క వేరుగా కనబడెను. 4,000 రూపాయల పన్ను 30,000 దాటినది. ఊరి జనాభా సుమారు 15,000. పసిబిడ్డలతో సహా తలకు నాలుగణాలు పడుచుండిన భారము ఒక్కసారిగా రెండు రూపాయలు మించినదన్నమాట. చెల్లింపవలసినవారిలో హెచ్చుమంది మగ్గము మీద ఆధారపడినవారు, చెప్పులు కుట్టువారు, కూలి చేసుకొనువారు. పోనీ, ఆ డబ్బునకు ఏమి వచ్చినది? నీరు, వెలుతురు, పారిశుధ్యము మునుపటి కన్న మెరుగుపడినట్లు వారికి కనబడలేదు. ఈ మున్సిపాలిటీ మాకు వలదు, మా యూనియన్ మాకు చాలునని వారు అర్జీల మీద అర్జీలు పెట్టుకొనిరి. అవి వృథాయైనవి.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. వారు మొదట పన్ను మానలేదు, మొదట అడిగిరి. మర్యాదగా, కాగితము మీద, చట్టము చూపిన దారిలోనే అడిగిరి. అడిగినదానికి జవాబు లేకపోయిన తరువాతనే పన్ను నిరాకరణము వచ్చినది. పన్ను చెల్లింపనివారిని శిక్షించి జైలుకు పంపిరి. వారిలో ఒక స్త్రీ కూడ ఉండెను. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామాలు ఇచ్చిరి. ప్రభుత్వము అంతటితో పునరాలోచింపక, జీతము పుచ్చుకొను అధ్యక్షుని ఉంచి మున్సిపాలిటీని నడిపింపజొచ్చెను. ఎన్నికైనవారు ఒక్కరును లేని స్వపరిపాలనము! ఆ పేరు అప్పటికిని కచ్చేరీ గుమ్మముపై చెక్కుచెదరకుండ ఉండియే యుండును.

ఈ కథలో ప్రతినాయకుడు దొర యైనచో మనకు సులభముగా ఉండెడిది. అట్లు జరుగలేదు. 1919 నాటి రాజ్యాంగచట్టముతో రాష్ట్రములలో ద్వంద్వ ప్రభుత్వము వచ్చెను. భూమి శిస్తు, పోలీసు మొదలగునవి గవర్నరు చేతిలోనే ఉండెను. విద్య, ఆరోగ్యము, స్థానిక స్వపరిపాలనము శాసనసభకు బాధ్యులగు భారతీయ మంత్రులకు దక్కెను. మద్రాసులో 1920 డిసెంబరున స్థానిక స్వపరిపాలన శాఖను స్వీకరించినవారు జస్టిస్ పార్టీకి చెందిన పానుగంటి రామరాయనింగారు, అనగా పానగల్లు రాజాగారు. తెలుగువారు, కాళహస్తి ప్రాంతమువారు. కొలది నెలలకే ముఖ్యమంత్రియై 1926 వరకు ఆ పదవిలో నుండిరి. బ్రాహ్మణేతరులకు ఉద్యోగములలో తలుపులు తెరచినది, దేవాలయముల ఆస్తులపై పర్యవేక్షణ తెచ్చినది వారి ప్రభుత్వమే. అట్టివారు కూడ చీరాల విషయములో పట్టు విడువలేదు. అధికారము మద్రాసునకు దిగినది కాని మద్రాసు నుండి చీరాలకు దిగలేదు. ప్రజలకు బాధ్యులైన మంత్రులుండుట వేరు, ఊరి సంగతి ఊరికి వదలుట వేరు. ఈ భేదము మనకు చాల ఆలస్యముగా తెలిసినది. తెలిసినదనుట కూడ అతిశయోక్తియేమో.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఈ ఊరి పక్షమున నిలిచిరి. 1889 లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి, ఆనంద కుమారస్వామితో కలసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఇంగ్లీషులోనికి తెచ్చిన పండితుడు. రాజమహేంద్రవరములోను, బందరు జాతీయ కళాశాలలోను పాఠములు చెప్పి, ఎచ్చటను ఇముడక చీరాల చేరెను. ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని పెట్టెను. రామదండు అను వాలంటీరు దళమును కూర్చెను. కాషాయవస్త్రములు, రుద్రాక్షలు, పాటలు, భజనలు దాని వేషభాషలు. పాడగలవాడు, నవ్వింపగలవాడు, లెక్కలు కూడ తెలిసినవాడు ఒక్కనియందే కూడినచో ఊరు వానివెంట నడచుటలో ఆశ్చర్యమేమి? ఆంధ్రరత్న అను బిరుదు వారి పేరునకు ముందు నేటికిని నిలిచియున్నది.

1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. పిమ్మట ఏప్రిల్ 6 న గాంధీజీ చీరాల వచ్చిరి. ఊరివారు సలహా అడుగగా వారు రెండు దారులు చూపిరి. ఊరిలోనే ఉండి పన్ను నిరాకరించి, జప్తులకును జైళ్ళకును అహింసతో ఓర్చుట ఒకటి. మున్సిపాలిటీ హద్దులు దాటి వెళ్ళిపోవుట రెండవది. ఏ దారి పట్టినను బాధ్యత ఊరివారిదే కాని కాంగ్రెసుది కాదనియు చెప్పిరి. ఈ చివరి మాటను పాఠ్యపుస్తకములు సామాన్యముగా వదలివేయును. మాకు మాత్రము అందే గాంధీజీ పద్ధతి తెలియుచున్నది. నిర్ణయము ఊరిది, కష్టమును ఊరిదే.

ఊరివారు రెండవ దారి ఎంచుకొనిరి. అందు ఒక చమత్కారము లేకపోలేదు. మున్సిపాలిటీకి హద్దులు కలవు. హద్దులలో మనుష్యులే లేనిచో అది ఎవరిని పాలించును, ఎవరి ఇంటిపై పన్ను వేయును? చట్టములో దీనికి శిక్ష లేదు. ఆ వేసవిలో 15,000 మందిలో సుమారు 13,000 మంది ఊరు విడిచిరి. హద్దులకు ఆవల పాకలు వేసికొని దానికి రామనగరము అని పేరు పెట్టుకొనిరి.

మాటలో చెప్పినంత తేలిక కాదు ఆ పని. నేతవాని మగ్గము భుజమున పెట్టుకొని పోవునది కాదు. గుంటమగ్గమునకు నేలలో గుంట త్రవ్వవలెను. పడుగు పరచుటకు బారెడు చోటు, నీడ కావలెను. గాలివాన వచ్చినచో గుంట నిండును. మొదట ఏప్రిల్, మే నెలల ఎండ, తరువాత వానలు, తరువాత తుపాను కాలము. తాటాకు పాకలలో పురుళ్ళు జరిగియుండును, చావులు జరిగియుండును. ఇండ్లు చూచుకొనుటకు పోవలెనన్నను అర మైలో మైలో నడచినచో చాలు. తన ఇల్లు కంటికి కనబడుచుండగా పాకలో నుండుట దూరదేశము పోవుట కన్న కష్టమని మా అభిప్రాయము.

అచ్చట వారు ఊరకే కూర్చుండలేదు. తమలో తాము పంచాయతీని ఎన్నుకొనిరి. ఆయా కులములవారికి అందు ప్రాతినిధ్యము ఉండెను. తగవులు కోర్టునకు పోకుండ అచ్చటనే పరిష్కరించుకొనిరి. రామదండు కాపలాయు, శుభ్రతయు చూచెను. పన్ను కట్టలేమని వెళ్ళినవారు పన్నుకన్న ఎక్కువ శ్రమను తమ ఊరికి తామే చెల్లించుకొనిరి. వారికి వెలుతురు, నీరు, శుభ్రత అక్కరలేక మున్సిపాలిటీని కాదన్నారను వాదమునకు రామనగరమే సమాధానము. గాంధీజీ యంగ్ ఇండియాలో వారి ధైర్యమును మెచ్చుకొని వ్రాసిరి.

కథ గెలుపుతో ముగియలేదు. ఆ సంవత్సరమే దుగ్గిరాలవారు బరంపురము పోయియుండగా, ఉపన్యసింపరాదను ఉత్తరువును ధిక్కరించిరని అరెస్టు చేసి, ఒక సంవత్సరము శిక్ష విధించి, తిరుచిరాపల్లి జైలునకు పంపిరి. నాయకుడు లేడు, డబ్బు అయిపోయెను, పాకలు శిథిలమాయెను. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా పిమ్మట సహాయ నిరాకరణోద్యమమే ఆగెను. పదునొకండు నెలల తరువాత జనము ఒక్కొక్క కుటుంబముగా ఇండ్లకు మరలిరి. మున్సిపాలిటీ ఉండనే ఉండెను. దుగ్గిరాలవారు 1928 జూన్‌లో క్షయవ్యాధితో, నలువది యేండ్లు నిండకుండగనే మరణించిరి.

ఓడిపోయిన ఊరి కథ చెప్పుట ఎందులకని ఒకరు అడుగవచ్చును. ఆ ఊరు అడిగిన ప్రశ్న పిమ్మటి కాలమున ఎట్లు తేలినదో చూచుటకే.

రాజ్యాంగపు ముసాయిదాలో మొదట గ్రామ పంచాయతీ అను మాటయే లేదు. 1948 నవంబరు 4 న రాజ్యాంగసభలో డాక్టరు అంబేడ్కరుగారు గ్రామమును గూర్చి కఠినముగా మాటలాడిరి. గ్రామము సంకుచితత్వమునకును అజ్ఞానమునకును నెలవని వారి అభిప్రాయము. సభ్యులు పలువురు నొచ్చుకొనిరి. నవంబరు 22 న సంతానముగారు పంచాయతీలను గూర్చిన సవరణను ప్రతిపాదింపగా, బలపరచినవారిలో మన ప్రకాశం పంతులుగారును ఉండిరి. అదియే 40 వ అధికరణము. మాకు అంబేడ్కరుగారి మాటలో కోపము కన్న అనుభవము కనబడును. ఊరికి అధికారమిచ్చినచో అది ఊరిలో ఎవరి చేతికి పోవును? పెద్దవీధి వానికా, వెలివాడ వానికా? రామనగరపు పంచాయతీలో అన్ని కులములవారిని కూర్చుండబెట్టుటలో ఈ ప్రశ్నకు ఒక జవాబు ఉన్నది. కాని అందరు గ్రామములును రామనగరములు కావు. నిర్ణయాధికారము క్రిందికి దిగవలెననువారు ఈ ప్రశ్నను దాటవేయరాదు.

తరువాతి దశలు శ్రోతలకు తెలిసినవే, త్వరగా దాటుదుము. 1957 లో బల్వంతరాయ్ మెహతా సంఘము మూడంచెల పంచాయతీరాజ్యమును సూచించెను. రాజస్థాన్ 1959 అక్టోబరు 2 న మొదలిడగా, ఆంధ్రప్రదేశ్ అదే సంవత్సరము నవంబరు నుండి పంచాయతీ సమితులను, జిల్లా పరిషత్తులను నెలకొల్పెను. ప్రాథమిక పాఠశాలలు సమితికిని, ఉన్నత పాఠశాలలు పరిషత్తునకును వచ్చెను. ఊరి పంచాయతీ కచ్చేరీలో రేడియో మ్రోగిన దినములవి. ఆ సమితుల వార్తలు చదివిన మా పూర్వులు ఉత్సాహముతో చదివియుందురు. 1986 లో సమితులు పోయి మండలములు వచ్చెను. ఎన్నికలను వాయిదా వేయుట మాత్రము ఏ పేరునను మారలేదు. అందుచేతనే 1992 లో పార్లమెంటు 73, 74 వ రాజ్యాంగ సవరణలను చేసి, అయిదేండ్లకొకసారి ఎన్నికలు జరుగవలెనని కట్టడి చేసెను. షెడ్యూల్డు కులములకును తెగలకును స్థానములు, స్త్రీలకు మూడవవంతునకు తక్కువ కాని స్థానములు ప్రత్యేకించెను. అంబేడ్కరుగారి శంకకు చట్టములో దొరికిన జవాబు ఇదియే. పంచాయతీలకు 29 విషయములను, పురపాలక సంఘములకు 18 విషయములను పట్టికలుగా చేర్చెను.

ఆ సవరణలలో 243 క్యూ అను అధికరణము ఒకటి కలదు. ఏ ప్రాంతము గ్రామము, ఏది నగర పంచాయతీ, ఏది మున్సిపాలిటీ అని నిర్ణయించుటకు గవర్నరు, అనగా రాష్ట్ర ప్రభుత్వము, ఏమేమి చూడవలెనో అందు చెప్పియున్నారు. జనాభా, జనసాంద్రత, స్థానిక రాబడి, వ్యవసాయేతర వృత్తులలో నున్నవారి శాతము, ఆర్థిక ప్రాముఖ్యము, తగినవని తోచిన ఇతర విషయములు. మేము ఆ పట్టికను ఒకటికి రెండుసార్లు చదివితిమి. అచ్చట నివసించువారి సమ్మతి అను మాట అందు లేదు. అభ్యంతరములు పంపుకొనుడని గడువు పెట్టుట కద్దు. కాని అభ్యంతరము వినుట వేరు, సమ్మతి అడుగుట వేరు. 1919 లో చీరాలవారి అర్జీలను కూడ ఎవరో ఒకరు చదివియే యుందురు.

ఇంకొక సంగతి. గ్రామములో ఓటరులందరును కూర్చుండు గ్రామసభను రాజ్యాంగము గుర్తించినది. ఆ గ్రామము పట్టణమైన మరునాడు గ్రామసభ ఉండదు. దానికి బదులుగా పట్టణమునకు వార్డు కమిటీలను చెప్పినారు కాని, 3 లక్షలు, అంతకు మించి జనాభా గల పట్టణములకే అవి తప్పనిసరి. నేడును మున్సిపాలిటీగానే యున్న చీరాలకు అంత జనాభా లేదు. ఊరు పెరిగినకొలది ఊరివాని గొంతు వినవచ్చు చోటు తగ్గుట, మున్సిపాలిటీ వలదన్న ఆ నేతవారికి చెప్పినచో వింతగా తోచకపోవచ్చును.

ఈ వ్యాసము వ్రాయుచుండగా మా బల్లమీదికి ఒక జాబు వచ్చినది. పట్టణమునకు ఆనుకొనియున్న చిన్న పల్లె నుండి ఒక శ్రోత వ్రాసినది. తమ పల్లెను మున్సిపాలిటీలో కలుపుదురని వినుచున్నామనియు, అట్లయినచో ఇంటిపన్ను ఎంత పెరుగును, గ్రామములకే వర్తించు ఉపాధి పనులు తమకు ఉండునా పోవునా, తమ చెరువు ఎవరిది అగునని అడిగినది. నాలుగు ప్రశ్నలు వ్రాసి, అయిదవదిగా, ఇది మమ్ములను ఎవరైన అడుగుదురా అని చిన్న అక్షరములతో చేర్చినది. మొదటి నాలుగింటికి తెలిసినంతవరకు జవాబు వ్రాసితిమి. అయిదవదానికి, అభ్యంతరములు పంపవలసిన కచ్చేరీ చిరునామా వ్రాసి, గడువు ఏ తేదీతో ముగియునో కనుగొని పంపితిమి.